నాగజెముడు పండు: నూగు గుచ్చుకోకుండా కోసి, ఒలిచి, తినే పద్ధతి

నాగజెముడు పండు ఎర్రగా నిగనిగలాడుతూ కనిపించినా ముళ్ళకు భయపడి చాలామంది దాని జోలికి పోరు. ఆ భయం అనవసరమని చెప్పను. కాకపోతే, భయపడాల్సింది ఒకదానికి, జనం భయపడేది ఇంకొకదానికి. మొక్క మీద పొడవుగా నిలబడి ఉండే పెద్ద ముళ్ళతో అంత ప్రమాదం లేదు. అవి కంటికి కనిపిస్తాయి, చెయ్యి దానంతట అదే తప్పుకుంటుంది. అసలు చిక్కంతా పండు తొక్క మీద గోధుమ రంగు చుక్కల్లా, మెత్తటి నూగులా కనిపించే సన్నని ముళ్ళతోనే. వాటిని దారికి తెచ్చుకోవడం తెలిస్తే మిగతా పని ఏ పండుతోనైనా చేసే పనే.

కొందరు దీన్ని బ్రహ్మజెముడు పండు అంటారు. పేరు ఏదైనా, ఇక్కడ చెబుతున్నది ఒపన్షియా ప్రజాతి కాక్టస్ పండు గురించి. మెక్సికో ప్రాంతం దీని పుట్టిల్లు. తోటల్లో పండించి, బజారులో అమ్మే పెద్ద పండు ఎక్కువగా ఒపన్షియా ఫైకస్-ఇండికా రకానిది. బీళ్ళలో, గట్ల మీద తనంతట తాను పెరిగే రకాల పండ్లు చిన్నవి, గింజలెక్కువ, పులుపెక్కువ. తినడానికి రెండూ పనికొస్తాయి, కానీ వాటిని వాడుకునే తీరు వేరు. ఆ తేడా ముందుకు వెళ్ళేకొద్దీ చెబుతాను.

ముందు పండు కట్టుబడి తెలుసుకోండి

ఈ పండు తొక్క నిజానికి కాండమే. పువ్వు అడుగున ఉండే అండాశయం కాండం కొసలోకి కూరుకుపోయి ఉంటుంది. దాని చుట్టూ ఉన్న కాండపు భాగమే తర్వాత పండుకు తొక్క అవుతుంది. మొక్క ఒంటి మీద ఉన్నట్టే పండు మీద కూడా వరసగా ముళ్ళ చుక్కలు ఉండటానికి కారణం అదే. ఒక్కో చుక్కలో పదుల కొద్దీ నూగు ముళ్ళు ఉంటాయి. పొడవు కొద్ది మిల్లీమీటర్లే. వాటి కొసన వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయి. ఒంటికి తగిలితే చాలు, మొక్కను వదిలేసి చర్మంలో దిగబడతాయి. లోపలికి సులువుగా వెళతాయి, బయటికి మాత్రం రావు. గాలికి రేగి కంట్లో, గొంతులో పడేంత తేలికైనవి కూడా.

ఇక లోపలి గుజ్జు. గింజను పట్టి ఉంచే కాడ, దాని చుట్టూ ఉండే పొర ఉబ్బి, రసం నింపుకుని గుజ్జుగా మారతాయి. అంటే గింజ చుట్టూ పెరిగిందే గుజ్జు. కాబట్టి కొన్ని పండ్లలోలా మధ్యలో గింజల గదిని చాకుతో తీసి పారేయడం ఇక్కడ కుదరదు. ఒక పండులో వంద నుంచి మూడు వందల దాకా గింజలు గుజ్జు అంతటా పరుచుకుని ఉంటాయి, రాయిలా గట్టిగా ఉంటాయి.

ఈ రెండు సంగతులూ గుర్తుంటే చాలు, చేయాల్సిన పని దానంతట అదే తెలిసిపోతుంది. ముళ్ళన్నీ తొక్కలోనే ఉన్నాయి కాబట్టి తొక్క పోయేదాకా పండును ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. గింజలు గుజ్జంతటా ఉన్నాయి కాబట్టి వాటిని మింగడమో, వడకట్టడమో చేయాలి తప్ప ఏరడం కుదరదు.

అది నాగజెముడేనా?

బజారులో కొన్న పండైతే ఈ భాగం దాటేయొచ్చు. బయట కోసుకునేవాళ్ళు మాత్రం తప్పకుండా చూసుకోవాలి. కాక్టస్‌లా కనిపించే మొక్కలన్నీ కాక్టస్‌లు కావు. యుఫోర్బియా ప్రజాతి జెముళ్ళలో తెల్లటి పాలు ఉంటాయి. ఆ పాలు చర్మం మీద పడితే మంట, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఒపన్షియాలో పాలు ఉండవు. దాని చదునైన కాండాన్ని చాకుతో గీస్తే రంగులేని జిగురు వస్తుంది. తెల్లటి పాలు కారాయంటే వెంటనే వదిలేయండి, ఆ చాకును కూడా కడగండి.

నాగజెముడును చూడగానే పోల్చుకోవడానికి మరో గుర్తు, బల్లపరుపుగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండే కాండాలు ఒకదాని అంచు మీద ఒకటి పుట్టుకురావడం. చాలామంది వాటిని ఆకులనుకుంటారు. పండ్లు ఆ కాండాల పై అంచున వరసగా కాస్తాయి. ఆ కాండాల మీద తెల్లటి దూదిపింజల్లా ఏదైనా అంటుకుని ఉంటే బూజు అనుకోకండి. అవి కొచినీల్ అనే పురుగులు, మైనపు పొర కప్పుకుని రసం పీలుస్తుంటాయి. నలిపితే చిక్కటి ఎర్ర రంగు వస్తుంది. కార్మైన్ రంగును వాటి నుంచే తీస్తారు. అవి ఉన్న మొక్క పండ్లు శుభ్రంగా కడుక్కుని తినొచ్చు.

రోడ్డు పక్క, ఫ్యాక్టరీల దగ్గర, పొలం గట్ల మీద పెరిగిన మొక్కల విషయంలో మాత్రం జాగ్రత్త. చాలా చోట్ల నాగజెముడును కలుపు మొక్కగా చూసి మందు కొడతారు. కాండాలు పసుపు రంగుకు తిరిగి వాడిపోయి, వంకర్లు పోయి కనిపిస్తే ఆ పండ్లు వద్దు.

పండిందని ఎలా తెలుస్తుంది

దీన్ని కోశాక మగ్గపెడదామంటే కుదరదు. మొక్క నుంచి తెంపిన తర్వాత తీపి పెరగదు. పచ్చిది కోస్తే పచ్చిదిగానే ఉండి చివరికి ముడతలు పడుతుంది. అందుకే పూర్తిగా పండినదే ఎంచుకోవాలి.

రంగు ఒక్కటే చూసి నిర్ణయించకండి. ఈ పండ్లలో ఎరుపు, ఊదా, నారింజ, పసుపు రకాలతో పాటు పండినా ఆకుపచ్చగానే ఉండే రకాలు ఉన్నాయి. మెక్సికోలో బాగా ఇష్టపడే రెయ్నా రకం పండినా లేత ఆకుపచ్చే, లోపల గుజ్జు కూడా పాలిపోయిన ఆకుపచ్చ రంగులోనే ఉంటుంది, చాలా తియ్యగా ఉంటుంది. దానికి ఎరుపు వస్తుందేమోనని ఎదురుచూస్తే కుళ్ళిపోతుంది. అన్ని రకాలకూ పనికొచ్చే గుర్తు పండు తల దగ్గర ఉంది. పువ్వు రాలిన చోట ఒక గుంట ఉంటుంది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు అది లోతుగా ఉంటుంది, పండేకొద్దీ పూడుకుంటూ దాదాపు చదునవుతుంది. ఆ గుంట పూడి, తొక్క కొంచెం మెరుపు తేలి, పట్టకారుతో పట్టి తిప్పగానే ఊడివస్తే అది పండినట్టు. పండిన పండు మీద నూగు కూడా కొంత తనంతట తానే రాలిపోతుంది.

కొనేటప్పుడు గట్టిగా ఉంటూనే నొక్కితే కొద్దిగా లొంగేది చూడండి. కాడ వైపు తడిగా, మెత్తగా ఉన్నా, నల్లమచ్చ ఉన్నా వద్దు. కుళ్ళు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే. బజారు పండ్లను యంత్రాలతో బ్రష్ చేసి నూగు తీస్తారు. తొక్క నున్నగా కనిపించినా నాలుగైదు ముళ్ళు మిగిలే ఉంటాయి. ఏరడానికి గుట్టలో చెయ్యి పెట్టకండి, కాగితంతోనో కవరుతోనో పట్టుకోండి.

ఇటలీలోని సిసిలీ ద్వీపంలో రైతులు మే చివర, జూన్‌లో మొదటి పూతను చేత్తోనే రాల్చేస్తారు. మొక్క మళ్ళీ పూస్తుంది. ఆ రెండో పూత పండ్లు శరత్కాలంలో అందివస్తాయి, మొదటి కాపు కంటే పెద్దవి, రసం ఎక్కువ. ఇంట్లో నాగజెముడు పెంచుకునేవాళ్ళు ఈ పద్ధతిని ఒకటి రెండు కాండాల మీద ప్రయత్నించి చూడొచ్చు.

కోయడం

కావాల్సినవి: పొడవైన పట్టకారు, పదునైన చాకు, బకెట్ లేదా అట్టపెట్టె, కళ్ళద్దాలు, పొడవు చేతుల చొక్కా. గ్లౌజులు వేసుకోండి కానీ వాటినే నమ్ముకోకండి. బట్ట గ్లౌజుల్లో, తోలు గ్లౌజుల్లో నూగు ఇరుక్కుపోయి, రెండోసారి వేసుకున్నప్పుడు లోపలి నుంచి గుచ్చుతుంది. పల్చటి రబ్బరు గ్లౌజుల్లోంచి నేరుగా దిగిపోతుంది. మీ అసలు రక్షణ పట్టకారే. చేతికీ పండుకూ మధ్య జానెడు దూరం ఉంచేది అదొక్కటే.

తెల్లవారి మంచు ఇంకా తడిగా ఉన్నప్పుడు కోయడం అన్నిటికన్నా మేలు. తడిసిన నూగు గాలికి లేవదు. ఎండలో, గాలి వీచేటప్పుడు అసలు వద్దు. ఏ కాస్త గాలి ఉన్నా అది మీ వెనక నుంచి మొక్క వైపు వీచేలా నిలబడండి. తోటల్లో రోజంతా పండ్లు కోసేవాళ్ళకు గజ్జిని పోలిన దద్దుర్లు వస్తాయి. వైద్యులు కూడా మొదట గజ్జే అనుకునే సందర్భాలు ఉన్నాయి. అది ఈ నూగు పనే.

పట్టకారుతో పండును నడుమ పట్టుకుని మెలితిప్పి లాగడం ఒక పద్ధతి. నాకు నచ్చేది రెండోది: పండు అడుగున చాకు పెట్టి, కాండంలోంచి గోరంత ముక్క పండుకే ఉండేలా కోయడం. మెలితిప్పితే అడుగు చిరిగి, ఆ చిరుగు నుంచే బూజు పడుతుంది. కాండం ముక్క ఉంచితే అది ఎండి పుండు మూసినట్టవుతుంది, పండు ఎక్కువ రోజులు ఆగుతుంది. ఇవాళే తినేదైతే ఇంత శ్రమ అక్కర్లేదు.

నూగు వదిలించడం

నాలుగు దారులున్నాయి. అన్నీ సమానం కాదు.

నీళ్ళు, బ్రష్: పండ్లను బకెట్ నీళ్ళలో వేసి ఒక కర్రతో బాగా కలియతిప్పండి. నీళ్ళు పారబోసి మళ్ళీ నింపండి. ఆ తర్వాత ఒక్కొక్క పండునూ పట్టకారుతో పట్టి, ధారగా పడే నీళ్ళ కింద గట్టి బ్రష్‌తో చుక్కచుక్కనూ రుద్దండి. ఆ బ్రష్ ఇక ఈ పనికే. కడిగిన సింకు చుట్టూ తడి కాగితంతో తుడిచి పారేయండి, వంటింటి గుడ్డతో తుడిస్తే నూగు గుడ్డకెక్కుతుంది.

మంట: గ్యాస్ పొయ్యి మంట మీద పండును మెల్లగా తిప్పుతూ పది, పదిహేను సెకన్లు కాల్చడం. నూగు చిటపటమంటూ కాలిపోతుంది. గుజ్జు వేడెక్కక ముందే పని అయిపోతుంది కాబట్టి రుచి మారదు. రెండు కొసల గుంటల్లో దాక్కున్న నూగు కాలేలా పండును నిలువుగా కూడా పట్టుకోండి. ప్లాస్టిక్ పిడి ఉన్న పట్టకారు వాడకండి, కిటికీ తెరిచి ఉంచండి. నాలుగైదు పండ్లకైతే నా ఓటు దీనికే.

వేడినీళ్ళు: మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి వెంటనే చల్లటి నీళ్ళలో వేయడం. నూగు మెత్తబడుతుంది, తొక్క కూడా సులువుగా వస్తుంది. పండు ఎక్కువ ఉన్నప్పుడు ఇది హాయి.

ఇసుకలో, ఎండుగడ్డిలో దొర్లించడం పాత పద్ధతి. బయట ఎక్కడో ఉన్నప్పుడు పనికొస్తుంది. నూగు సగమే పోతుంది, మిగతా సగం ఒలిచేటప్పుడు చూసుకోవాలి.

వీటిలో ఏది చేసినా నూగు నూటికి నూరుపాళ్ళు పోయిందని అనుకోవద్దు. అసలు వదిలించేది ఒలవడమే. ఇవన్నీ దానికి ముందు చేసే జాగ్రత్తలు.

ఒలిచే పద్ధతి

తొక్క దళసరిగా ఉంటుంది, పండు బరువులో దాదాపు సగం అదే. కానీ గుజ్జును అంటిపెట్టుకుని ఉండదు. సరిగ్గా గాటు పెడితే కోటు విప్పినట్టు ఒక్క ముక్కగా వచ్చేస్తుంది. ఇదిగో వరస:

1. పండును పలక మీద అడ్డంగా పడుకోబెట్టి, నడుమ ఫోర్కు గుచ్చి పట్టుకోండి. ఇక నుంచి చివరిదాకా ఎడమ చేతికి ఫోర్కు, కుడి చేతికి చాకు, అంతే.

2. రెండు కొసలూ అర సెంటీమీటరు మందాన కోసి పక్కకు నెట్టండి. గుజ్జు గుండ్రంగా కనిపించాలి. ఇంకా తొక్కే కనిపిస్తే మరో పల్చటి ముక్క కోయండి.

3. ఒక కొస నుంచి ఇంకో కొసదాకా నిలువుగా ఒక గాటు. లోతు తొక్క మందమే, మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. కోసిన కొస వైపు చూస్తే తొక్క ఎక్కడ ఆగిందో, గుజ్జు ఎక్కడ మొదలైందో రంగు తేడాతో తెలిసిపోతుంది.

4. గాటులోకి చాకు మొనను ఏటవాలుగా దూర్చి తొక్క అంచును పైకి లేపండి. లేచిన అంచును చాకుతో పలకకు అదిమి ఉంచి, ఫోర్కుతో పండును అవతలికి దొర్లించండి. పండు దొర్లుతున్నకొద్దీ తొక్క పలక మీద పరుచుకుంటూ ఉండిపోతుంది.

5. గుజ్జును ఫోర్కుతోనే ఎత్తి వేరే శుభ్రమైన గిన్నెలో వేయండి. తొక్క పడున్న పలక మీద గుజ్జును పెట్టి ముక్కలు కోయకండి. నూగు మళ్ళీ ఎక్కేది ఎక్కువగా ఇక్కడే.

6. గుజ్జును ఒక్కసారి చల్లటి నీళ్ళలో ముంచి తీయండి.

తొక్క గుజ్జుతో పాటు చిరుగుతూ వస్తుంటే పండు ఇంకా పచ్చిగా ఉందన్నమాట. ఎరుపు, ఊదా రకాలైతే రంగు చెక్క పలకకు, బట్టలకు అంటుతుంది, మరక తొందరగా వదలదు.

పుల్లటి షోకోనోస్త్లే అనే మెక్సికో రకం దొరికితే మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది. దాంట్లో గింజలు మధ్యలో ముద్దగా ఉంటాయి, తినే భాగం దళసరి గోడ. పై పొర పల్చగా చెక్కి, గింజల ముద్ద తీసి పారేసి, గోడను వంటల్లో పులుపుకు వాడతారు.

తినడం, గింజల సంగతి

బాగా పండిన తోట పండు గుజ్జులో పుచ్చకాయ రుచి, కీరదోస వాసన కలిసి ఉంటాయి. చల్లగా తింటేనే దాని అందం. గది వేడిలో తింటే చప్పటి తీపిలా అనిపిస్తుంది, ఎందుకంటే ఈ గుజ్జులో పులుపు చాలా తక్కువ. ఒలిచిన గుజ్జును ఓ గంట ఫ్రిజ్‌లో పెట్టి, పైన నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి, చిటికెడు ఉప్పు చల్లి తినండి. అదే పండు వేరేలా అనిపిస్తుంది. ఈ పండు బాగాలేదని పక్కన పెట్టేసినవాళ్ళు ఒక్కసారి ఇలా తిని చూడాలని గట్టిగా చెబుతాను.

గింజలను నమలకండి, పళ్ళు దెబ్బతింటాయి. గుజ్జును నాలుకతో అంగిట్లోకి నొక్కి రసం పీల్చుకుని గింజలు మింగేయొచ్చు, లేదా ఉమ్మేయొచ్చు. మింగితే రెండు మూడు పండ్ల వరకు చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కూర్చున్న చోటే పదీ పదిహేను పండ్లు గింజలతో సహా తింటే మాత్రం అవి పేగు చివర గడ్డకట్టుకుపోయి మలం ఆగిపోవడం, ఆస్పత్రికి వెళ్ళి తీయించుకోవాల్సి రావడం వైద్య పత్రికల్లో నమోదైన సంగతే. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. చిన్నపిల్లలకు, మలబద్ధకం ఉన్నవాళ్ళకు, పేగుల ఆపరేషన్ అయినవాళ్ళకు, పెద్దవయసువాళ్ళకు వడకట్టిన రసమే ఇవ్వండి.

వంద గ్రాముల గుజ్జులో సుమారు 41 కేలరీలు, 3.6 గ్రాముల పీచు, 14 మిల్లీగ్రాముల విటమిన్ సి, 85 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి. మెగ్నీషియం పండ్లలో ఇంత ఉండటం అరుదు. ఎర్ర పండ్లు బాగా తిన్న మర్నాడు మూత్రం గులాబీ రంగులో రావొచ్చు. బీట్‌రూట్‌లో ఉండే బీటాలైన్ రంగులే ఇందులోనూ ఉన్నాయి, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. పండు మానేశాక కూడా ఆ రంగు పోకపోతే డాక్టరుకు చూపించుకోండి.

రసం తీయడం

కిలో పండ్లకు 350 నుంచి 450 మిల్లీలీటర్ల రసం వస్తుంది. ఒలిచిన గుజ్జును మిక్సీలో వేసి ఆపి ఆపి, రెండు మూడు సెకన్ల చొప్పున నాలుగైదు సార్లు మాత్రమే తిప్పండి. గింజ పగిలితే రసం గరగరలాడుతుంది, రుచి చెడుతుంది. మిక్సీ లేకపోయినా పర్వాలేదు, గుజ్జును జల్లెడలో వేసి గరిటెతో నొక్కి రుద్దితే రసం కిందికి, గింజలు పైన. రసం కాస్త జిగురుగా ఉంటుంది, అది ఈ మొక్క సహజ గుణమే. నిమ్మరసం కలిపి చల్లబరిస్తే తాగేటప్పుడు అంతగా తెలియదు.

చిన్న అడవి పండ్లకు ఇదే పద్ధతి పాటిస్తే ఓపిక నశిస్తుంది. బొటనవేలంత పండును ఒక్కొక్కటిగా ఒలిస్తే చివరికి మిగిలేది గింజలే. వాటికి ఫ్రీజర్ పద్ధతి ఉంది. కడిగిన పండ్లను ఒలవకుండానే కవరులో వేసి రాత్రంతా గడ్డకట్టనివ్వండి. గడ్డకట్టేటప్పుడు ఏర్పడే మంచు ముక్కలు గుజ్జులోని కణాల గోడలను చీల్చేస్తాయి. మర్నాడు చిల్లుల గిన్నెలో శుభ్రమైన నూలు గుడ్డను నాలుగు మడతలు పరిచి, దాని మీద పండ్లు వేసి, కింద లోతైన గిన్నె పెట్టండి. కరిగేకొద్దీ రసం తనంతట తానే కారుతుంది. సగం కరిగాక బంగాళాదుంపలు మెదిపే గరిటెతో పైనుంచి మెత్తగా నొక్కండి. గుడ్డను చేత్తో పిండకండి. నూగంతా ఆ గుడ్డలోనే ఉంటుంది, పిండితే కొంత మీ చేతికి, కొంత రసంలోకి దిగుతుంది. వచ్చిన రసాన్ని కొత్త గుడ్డలో, లేదా కాఫీ ఫిల్టర్ కాగితంలో ఇంకోసారి వడకట్టండి. ఈ రెండో వడపోత ఎంత తొందరలో ఉన్నా మానకండి.

సిరప్, జామ్

ముందు రంగు గురించి ఒక మాట. బీటాలైన్ రంగులు వేడికి చెదిరిపోతాయి, కాస్త పులుపులో నిలుస్తాయి. ఇనుము, రాగి తగిలితే ఇంకా త్వరగా పాడవుతాయి. కాబట్టి స్టీలు గిన్నె, సన్నటి సెగ, తక్కువ సమయం, నిమ్మరసం మొదట్లోనే.

సిరప్‌కు అర లీటరు రసం, 250 గ్రాముల చక్కెర, మూడు పెద్ద చెంచాల నిమ్మరసం. చక్కెర కరిగాక సన్నటి సెగ మీద పది, పదిహేను నిమిషాలు ఉంచండి. పైన తేలే నురుగు తీసేస్తూ ఉండండి, జిగురు చాలావరకు దాంతోనే పోతుంది. చెంచా వెనక పల్చగా పట్టుకుంటే దించేయండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. చల్లటి నీళ్ళలో, సోడాలో కలుపుకోవచ్చు, ఐస్‌క్రీమ్ మీద పోసుకోవచ్చు.

జామ్ దగ్గర చాలామంది నిరాశపడతారు, ఎంత ఉడికించినా గట్టిపడదు. ఈ గుజ్జులో గట్టిపరిచే పెక్టిన్ తక్కువ, పులుపూ తక్కువ. రెండూ బయటి నుంచి ఇవ్వాలి. అర కిలో వడకట్టిన గుజ్జుకు తొక్కతో తురిమిన ఒక పుల్లటి ఆపిల్, రెండు నిమ్మకాయల రసం, 300 గ్రాముల చక్కెర వేసి అరగంటదాకా ఉడికించండి. ఫ్రీజర్‌లో పెట్టిన చల్లటి పళ్ళెం మీద చుక్క వేసి వేలితో తోస్తే ముడత పడాలి. రంగు కొంచెం ఇటుక రంగుకు తిరుగుతుంది, అది తప్పదు. అద్దంలా మెరిసే జెల్లీయే కావాలంటే రసానికి పొడి పెక్టిన్ వాడాలి, కొలత ప్యాకెట్ మీద చెప్పినట్టే పాటించండి.

అసలు పొయ్యి ఎక్కించకుండా రసంలో కాస్త చక్కెర, నిమ్మరసం కలిపి, వెడల్పు పళ్ళెంలో ఫ్రీజర్‌లో పెట్టి, అరగంటకోసారి ఫోర్కుతో గీరుతూ మంచు పలుకుల్లా చేసుకోవడం నాకు అన్నిటికన్నా ఇష్టం. పండు రంగు, వాసన రెండూ చెక్కుచెదరవు.

నిల్వ

తొక్కతో ఉన్న పండు ఫ్రిజ్‌లో రెండు వారాల దాకా బాగుంటుంది. మరీ చల్లటి అర వద్దు, 5 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువలో ఎక్కువ రోజులుంటే తొక్క మీద గోధుమ మచ్చలు లేస్తాయి. ఒలిచిన గుజ్జును మూతపెట్టి రెండు రోజుల్లో తినేయండి. తీపి ఎక్కువ, పులుపు తక్కువ కావడంతో ఇది చాలా త్వరగా పులుస్తుంది. మెక్సికోలో దీన్ని కావాలనే పులియబెట్టి కొలోంచే అనే మద్యం చేస్తారు.

రసాన్ని ఐస్ ట్రేలో గడ్డకట్టించి, ముక్కలను కవరులో దాచుకుంటే నెలల తరబడి వస్తుంది. సీసాల్లో పోసి, మూత బిగించి, బయట అలమరాలో ఉంచే ఆలోచన మాత్రం చేయకండి. చాలా తోట పండ్ల రసం పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 5 కంటే ఎక్కువే ఉంటుంది. 4.6 దాటిన రసంలో, గాలి తగలని సీసాలో బొటులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషబాధ కలిగించే బాక్టీరియా పెరగగలదు. అది చేసే విషం రంగులో, వాసనలో పట్టుబడకపోవచ్చు. ఇంటి వాడకానికి ఫ్రీజరే సరైన చోటు.

నూగు గుచ్చుకుంటే

రుద్దకండి. నోట్లో పెట్టుకుని చప్పరించకండి. రుద్దితే ముల్లు విరిగి, కొక్కెం ఉన్న కొస లోపలే ఉండిపోతుంది.

మంచి వెలుతురులో, భూతద్దం ఉంటే దాంతో చూస్తూ, గుత్తులుగా ఉన్నవాటిని ట్వీజర్‌తో గుచ్చుకున్న దిశలోనే వెనక్కి లాగండి. మిగిలిన కంటికి ఆనని వాటి కోసం, పిల్లలు బడిలో వాడే తెల్లటి జిగురును ఆ చోట పల్చగా రాసి, పైన ఒక పొర గాజ్ గుడ్డ (గాయాలకు కట్టే పల్చటి నూలు గుడ్డ) పరిచి, అరగంట పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ఒక అంచు పట్టి మెల్లగా ఒలిచేయండి. ముందు ట్వీజర్, తర్వాత జిగురు, ఈ క్రమంలో చేస్తే దాదాపు అన్నీ వచ్చేస్తాయి. టేపు అతికించి లాగడం చాలామంది చేసేదే కానీ అంతగా పనిచేయదు. క్షణాల్లో అతుక్కునే సూపర్ గ్లూ జోలికి అస్సలు పోకండి. చివర్లో సబ్బుతో కడగండి. రెండు మూడు రోజులకు ఎర్రగా వాచి, నొప్పి పెరిగినా, చీము పట్టినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

నాలుకకో పెదవికో గుచ్చుకుంటే అద్దం ముందు టార్చి వేసుకుని ట్వీజర్‌తో తీయండి. నాలుకతో వెతకబోతే ఇంకో చోట గుచ్చుకుంటుంది. గొంతులో దిగి వాపు, ఊపిరి ఇబ్బంది ఉంటే, లేదా కంట్లో పడితే ఇంట్లో ఏ ప్రయత్నమూ వద్దు. కన్ను నలపకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్ళాలి.

తొక్కలు, గింజలు ఏం చేయాలి

పని అయిపోయాక కూడా తొక్కల మీద నూగు అలాగే ఉంటుంది. వాటిని కాగితంలో గట్టిగా చుట్టి, చుట్టిన దాన్ని కవరులో వేసి ముడివేయండి. చెత్త ఎత్తేవాళ్ళు ఒట్టి చేతులతో పట్టుకోవచ్చు, ఆ సంగతి మరవకూడదు. పశువులు తిరిగే చోట, పిల్లలు ఆడుకునే చోట పారేయకండి.

మట్టిలో పడేయడం ఇంకో రకంగా ముప్పు. తొక్క కాండపు భాగం కాబట్టి, ఒలవకుండా పారేసిన పండు కూడా వేళ్ళూని మొక్కై లేవగలదు. గింజలు సరేసరి, పక్షులు తిని దూరదూరాలకు మోస్తాయి. ఆస్ట్రేలియాలో ఈ జాతులు 1920ల నాటికి సుమారు 2.4 కోట్ల హెక్టార్లను కమ్మేశాయి. చివరికి అర్జెంటీనా నుంచి కాక్టోబ్లాస్టిస్ అనే చిమ్మటను తెప్పించి, 1926లో వదిలిన తర్వాతే అదుపులోకి వచ్చాయి. చాలా దేశాల్లో ఈ మొక్కను నాటడం మీద ఇప్పటికీ ఆంక్షలు ఉన్నాయి. వడకట్టగా మిగిలిన గింజలను మరిగే నీళ్ళలో పదిహేను నిమిషాలు ఉడికించి అప్పుడు పారేయండి. పాడైన పండ్లుంటే వాటినీ ముక్కలు చేసి అదే గిన్నెలో వేయండి.